చంద్రగిరి నుంచి తిరుమల దాకా ఒకే మ్యాప్‌లో: స్కేల్ లెక్కల డైరీ

శనివారం రాత్రి, ముందు నేల సంగతి

జీరో ఏడీ అని ఒక ఫ్రీ స్ట్రాటజీ గేమ్ ఉంది, వైల్డ్‌ఫైర్ గేమ్స్ వాళ్ళది, కోడ్‌తో సహా అంతా ఓపెన్. అందులో మౌర్యులు ఉన్నారు, ఏనుగులూ వెదురు విల్లులూ అన్నీ ఉన్నాయి, కానీ గేమ్ నడిచే కాలం క్రీ.పూ. 500 నుంచి క్రీ.శ. 500 దాకానే. నేను చేస్తున్న మోడ్ (ఉన్న గేమ్‌ను మార్చి చేసుకునే సొంత వెర్షన్) దానికి వెయ్యేళ్ళు ఇవతల, విజయనగరం వాళ్ళ కాలం చంద్రగిరి. సాళువ నరసింహుడు ఏలిన కోట అది, 1565 తర్వాత రాజధాని పెనుకొండకు పోయి అక్కడి నుంచి మళ్ళీ ఇక్కడికే వచ్చింది. మా ఊరి పక్కనే ఇంత చరిత్ర పెట్టుకుని ఎక్కడో రోమ్ కోటలు కడుతూ కూర్చోవడం నాకు నచ్చలేదు, అందుకే మొదలుపెట్టా.

ఈ డైరీలో మోడల్స్, రంగుల గురించి ఏమీ రాయను, అవి వేరే. ఒక్క స్కేల్ గురించే రాస్తా. చంద్రగిరి కోట, స్వర్ణముఖి, శ్రీనివాసమంగాపురం, తిరుపతి ఊరు, అలిపిరి, పైన తిరుమల, ఇవన్నీ ఒకే మ్యాప్‌లో పట్టాలి, పట్టినాక ఈ ఊరోళ్ళు చూస్తే అవును ఇది మన కొండే అనాలి, అదే సమయంలో ఆడుకోడానికి గేమ్‌లా ఉండాలి. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి.

ఈ గేమ్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే లోపల కొలతంతా మీటర్లలోనే ఉంటుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 తీసుకుంటే చిన్న మ్యాప్ 120 బై 120 టైల్స్, టౌన్ సెంటర్ 4 బై 4, ఇల్లు 2 బై 2, అంతే, ఆ టైల్ ఎన్ని అడుగులు అనేది ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవాల్సిందే. ఇక్కడ అలా కాదు, ఒక టైల్ అంటే 4 మీటర్లు అని కోడ్‌లోనే రాసుంది. అన్నిటికంటే పెద్ద మ్యాప్ సైజు 512 టైల్స్, అంటే 2,048 మీటర్లు, రెండు కిలోమీటర్ల చదరం.

మరి మనకు కావాల్సిన నేల ఎంత? చంద్రగిరి నుంచి తిరుపతి టౌన్ మధ్యకు గీత గీస్తే పన్నెండు కిలోమీటర్లు దాకా వస్తుంది, చంద్రగిరి నుంచి పైన గుడికి కూడా గాలిలో కొలిస్తే దాదాపు అంతే. చుట్టూ కొంచెం ఖాళీ వదిలితే 16 కిలోమీటర్ల చదరం కావాలి. నేను సరిగ్గా 16,384 మీటర్లు పెట్టుకున్నా, ఎందుకంటే దాన్ని 2,048తో భాగిస్తే 8 వస్తుంది. సో నేల 1:8. గేమ్‌లో ఒక మీటరు నడిస్తే బయట ఎనిమిది మీటర్లు.

ఇక్కడ ఒక విషయం తెలిసి నాకు చాలా ఆనందమేసింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో భూమ్మీద ఎక్కువ భాగం నేల ఎత్తులు కొలిచారు, ఎస్ఆర్‌టీఎం అంటారు దాన్ని, డేటా ఫ్రీగా దొరుకుతుంది. ఒక్కో డిగ్రీకి ఒక్కో ఫైల్, అందులో 3601 బై 3601 పాయింట్లు. మనది 13 డిగ్రీల ఉత్తరం, 79 డిగ్రీల తూర్పు ఫైల్. పాయింటుకూ పాయింటుకూ మధ్య దూరం సుమారు 30 మీటర్లు. నా 1:8 స్కేల్‌లో గేమ్ టైల్ 4 మీటర్లంటే బయట 32 మీటర్లు. అంటే ఒక టైల్‌కు దాదాపు ఒక పాయింట్! ఇంతకంటే మంచి డేటా తెచ్చినా మ్యాప్‌లో పెట్టడానికి చోటు లేదు, ఇంతకంటే నాసి డేటా అయితే కొండ మెత్తబడిపోతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ చదరాన్ని కత్తిరించి 513 బై 513 పాయింట్లకు (512 టైల్స్‌కు అంచులు 513 కదా) మార్చి పక్కన పెట్టా.

ఆదివారం, కొండ ఎత్తు

తిరుపతి ఊరు సముద్ర మట్టానికి 150 మీటర్ల పైన, తిరుమల 853 మీటర్లు. తేడా ఏడు వందలు. గేమ్ ఇంజన్ ఎత్తును 16 బిట్ల నంబర్‌లో దాస్తుంది, మీటరుకు 92 భాగాలు, అంటే 65,535ను 92తో భాగిస్తే గరిష్ఠంగా 712 మీటర్లు. మన కొండ 703. చూడగానే ఉన్నదున్నట్టు పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది, కానీ నేల ఎనిమిదింతలు కుదించి ఎత్తు మాత్రం అలాగే ఉంచితే కొండ కొండలా ఉండదు. బయట 30 డిగ్రీలు వాలిన చరియ మ్యాప్‌లో 78 డిగ్రీలు అవుతుంది. ఎటు చూసినా నిటారు గోడ, కెమెరా దాని వెనక పడితే కింద ఊరు కనపడదు.

సరే అని ఎత్తు కూడా 1:8 చేసి చూశా. 703 కాస్తా 88 మీటర్లు. కాగితం మీద ఇదే న్యాయం, వాలు డిగ్రీలు బయట ఎంతో ఇక్కడా అంతే. కానీ ఈ గేమ్‌లో మనం పైనుంచి ఏటవాలుగా చూస్తాం, అలా చూసినప్పుడు ఎత్తు అణిగినట్టు కనిపిస్తుంది. తిరుపతిలో ఏ మేడెక్కినా ఉత్తరం వైపు ఆకాశం సగం కొండే ఉంటుంది, ఆ బరువు మ్యాప్‌లో రాలేదు, ఏదో గట్టులాగా ఉంది. ఇంట్లో చూపిస్తే ఇది ఏ ఊరు అని అడిగారు. సో కొలత సరిగ్గా ఉండడం ఒకటి, చూసినోడికి సరిగ్గా అనిపించడం ఇంకొకటి, ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో పట్టుకోవడమే అసలు పని.

చివరికి ఎత్తు 1:4. అంటే నేలతో పోలిస్తే రెండింతలు సాగదీసినట్టు. కొండ 176 మీటర్లు, 30 డిగ్రీల వాలు 49 అవుతుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. గేమ్‌లో మామూలు యూనిట్లు (సిపాయిలు, గుర్రాలు లాంటివి) నడవగలిగే వాలు గరిష్ఠంగా 1.0, అంటే 4 మీటర్ల టైల్‌లో 4 మీటర్లు ఎక్కేదాకా సరే, అంతకు మించితే దారి మూసినట్టే, అది 45 డిగ్రీలు. రెండింతలు సాగదీశాం కాబట్టి బయట 27 డిగ్రీలు దాటిన చోటల్లా మ్యాప్‌లో నడక బంద్. శేషాచలం అంచు చూడండి, కింద గ్రానైట్ మీద వాలుగా లేచి పైన క్వార్ట్‌జైట్ బండ నిలువుగా నిలబడుతుంది, ఘాట్ రోడ్డులో ఆ రెండు రాళ్ళూ కలిసే చోటే జియాలజీ వాళ్ళు జాతీయ స్మారకం అని బోర్డు పెట్టింది. ఆ నిలువు బండ వల్లే మెట్ల దారి లేకుండా పైకి పోవడం కష్టం. మ్యాప్‌లో కూడా మెట్లు ఉన్న చోట తప్ప సైన్యం ఎక్కకూడదు, 1:4తో అది దానంతట అదే జరుగుతోంది, నేను అదనంగా గోడలు పెట్టనవసరం లేదు.

చంద్రగిరి కోట ఉన్న బండ 183 మీటర్లు, అది 46 మీటర్లకు దిగింది. కానీ రాడార్ డేటాలో సన్నటి శిఖరాలు కొంచెం అణిగి గుండ్రంగా వస్తాయి, తిరుమల లాంటి పెద్ద కొండకు ఫర్వాలేదు గానీ చంద్రగిరి బండకు అది నప్పదు, కాబట్టి ఆ ఒక్క బండ మాత్రం చేత్తో చెక్కాలి.

సోమవారం, మెట్లు మెట్లుగా వచ్చిన కొండ

హైట్‌మ్యాప్‌ను, అంటే ఎత్తుల్ని నలుపు తెలుపు ఛాయల్లో చూపే బొమ్మను, గేమ్ ఎడిటర్ అట్లాస్‌లోకి దిగుమతి చేశా. మొత్తం కొండ వరి మళ్ళలాగా అంచెలంచెలుగా వచ్చింది. కారణం ఇదీ. దిగుమతి చేసే బొమ్మ 8 బిట్లది, నలుపు నుంచి తెలుపు దాకా 256 ఛాయలే. 712 మీటర్లను 256తో భాగిస్తే ఛాయకు ఛాయకు మధ్య 2.8 మీటర్లు. నా కొండ 176 మీటర్లే కాబట్టి మొత్తం కొండంతా 63 ఛాయల్లోనే ఇరుక్కుంది. మధ్యలో ఎత్తులేవీ లేవు.

చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, అసలు ఇబ్బంది నడకతో. పక్కపక్క పాయింట్ల మధ్య ఒక ఛాయ తేడా ఉంటే వాలు 0.7, నడవొచ్చు. రెండు ఛాయలైతే 1.4, నడవలేరు. మధ్యలో 0.9 గానీ 1.1 గానీ ఉండనే ఉండదు. దాంతో నడవగలిగే చోటూ నడవలేని చోటూ కొండంతా చుక్కలు చుక్కలుగా చల్లినట్టు వచ్చింది, సైనికుల్ని పైకి పంపితే కోతుల్లా ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు దారి వెతుక్కుంటూ ఎక్కేస్తున్నారు, ఎక్కకూడని చోట కూడా.

దీనికి మందు స్మూత్ బ్రష్, ఎడిటర్‌లో నేలను నునుపు చేసే పనిముట్టు. మొత్తం మ్యాప్‌కు ఒకే బలంతో వేస్తే నిలువు బండలు కరిగిపోతాయి, కాబట్టి కింద వాలు మీద పెద్ద బ్రష్, పై బండ దగ్గర చిన్న బ్రష్, అంచు గీత మీద అసలు పెట్టకుండా వదిలేయడం. ఒక్కో చరియ అయ్యాక ఒక సిపాయిని కింద నిలబెట్టి పైకి క్లిక్ చేసి చూస్తా, వాడు తిరిగి మెట్ల దారికే వెళ్ళాడంటే ఆ చరియ పాస్.

స్వర్ణముఖి సంగతి తేలిక. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కదా. గేమ్‌లో 2 మీటర్ల లోతు దాకా మామూలు యూనిట్లు నీళ్ళలో నడుస్తాయి, కాబట్టి నదంతా ఒక మీటరు లోతు ఇచ్చి అక్కడక్కడ ఇసుక తేల్చా. బయట వంద మీటర్ల వెడల్పున్న చోట మ్యాప్‌లో 12 మీటర్లు, మూడు టైల్స్. చాలు.

బుధవారం, గోపురం ముందు సిపాయి

గోవిందరాజస్వామి గుడి తూర్పు గోపురం ఏడంతస్తులు, సుమారు 50 మీటర్లు. బయట కొండ 703, గోపురం 50, పద్నాలుగో వంతు. గోపురాన్ని కూడా నేల స్కేల్‌లో 1:8 పెడితే 6 మీటర్లు, పక్కన సిపాయి రెండు మీటర్లకు కొంచెం తక్కువ, అంటే మూడు ఆళ్ళ ఎత్తు గోపురం, పిల్లలు ఆడుకునే బొమ్మలాగుంది. పోనీ 1:1 పెడితే 50 మీటర్ల గోపురం 176 మీటర్ల కొండ ముందు నిలబడి కొండనే మింగేస్తోంది, పైగా నేల మీద 1:8 కాబట్టి గుడి ప్రాకారం ఊరంతా ఆక్రమిస్తుంది, ఇళ్ళకు చోటే లేదు.

1:2 దగ్గర కుదిరింది. గోపురం 25 మీటర్లు, కొండలో ఏడో వంతు, సిపాయికి పన్నెండింతలు. దూరం నుంచి చూస్తే కొండ పెద్దది, దగ్గరకొస్తే గోపురం పెద్దది, ఇంకా దగ్గరకొస్తే మనిషి కనిపిస్తాడు. అప్పుడు నాకు ఈ నిచ్చెన స్పష్టమైంది: నేల 8, ఎత్తు 4, కట్టడం 2, మనిషి 1. ఒక్కో మెట్టు పక్కదానికి రెండింతలే కాబట్టి కన్ను ఎక్కడా పట్టి ఆగదు. నేల పక్కన నేరుగా మనిషిని పెడితే ఎనిమిదింతల తేడా కొట్టొచ్చినట్టు కనపడేది, మధ్యలో కొండా కట్టడమూ ఉండి ఆ తేడాను పంచుకుంటున్నాయి.

చెట్లకు కూడా ఇదే 1:2. ఎర్రచందనం చెట్టు ఎనిమిది మీటర్ల దాకా పెరుగుతుంది, నాలుగు మీటర్లకు దించా, సిపాయికి రెండింతలు, కలప కొట్టేటప్పుడు చూడ్డానికి సరిగ్గా ఉంది.

కట్టడాల్లో ఒక మెలిక ఉంది, తలుపులు. కట్టడం సగానికి కుదించినప్పుడు తలుపు కూడా సగమైతే సిపాయి తల పైగడపకు కొడుతుంది, మిగతా ఎంత బాగున్నా చూసేవాడి కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. చంద్రగిరి రాజమహల్ విషయంలో దీన్ని గట్టిగా పట్టించుకున్నా, ఎందుకంటే ఈ మోడ్‌కు గుండెకాయ అదే. మూడంతస్తులు, రాయీ ఇటుకా సున్నమూ తప్ప ఒక్క కర్ర లేకుండా కట్టిన మహలు. మా ఫ్రెండ్‌ను వెంటేసుకుని పోయి వాడిని మహలు ముందు కమాను దగ్గర నిలబెట్టి బాగా వెనక్కొచ్చి జూమ్ చేసి ఫోటో తీశా. దగ్గర నుంచి తీస్తే పై అంతస్తులు కుంచించుకుపోయి కొలతకు పనికిరావు, దూరం నుంచి జూమ్‌తో తీస్తే గీతలు తిన్నగా వస్తాయి. ఇంటికొచ్చి ఫోటోలో వాడు ఎన్ని పిక్సెల్స్, కమాను ఎన్ని, అంతస్తు ఎన్ని అని లెక్కపెడితే వాడి ఎత్తే నాకు స్కేల్ బద్ద. వాడికి అక్కడ ఎండలో నిలబడ్డం ఇష్టం లేదు, "ఇంకెంతసేపు మచ్చా" అని అడుగుతానే ఉన్నాడు, అయినా కదలకుండా నిలబడ్డాడు, వాడికి రుణపడి ఉన్నా.

మోడల్‌లో ఏం చేశానంటే బయటి ఆకారం అంతా 1:2, కింది కమానులు మాత్రం మనిషి పట్టేంత. కమాను పెద్దదైతే వరసలో అన్ని కమానులు పట్టవు, కాబట్టి వాటి లెక్క తగ్గించి వరస తీరు మాత్రం ఉంచా. మూడంతస్తులు మాత్రం మూడే, అక్కడ రాజీ లేదు. రాణీమహల్‌కు రెండు. అంతస్తులు ఎవరైనా చూడగానే లెక్కపెడతారు, కమానులు ఎవరూ లెక్కపెట్టరు.

శనివారం, మామ చెప్పిన గంటలు

ఇంతవరకూ మీటర్ల గోల. అసలైన స్కేల్ వేరే ఉందని ఈ వారం అర్థమైంది.

గేమ్‌లో కాల్బలం నడక సెకనుకు 9 మీటర్లు. గంటకు 32 కిలోమీటర్లు అన్నమాట. 2009లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు, సగటున సెకనుకు 10 మీటర్ల పైచిలుకు, మన సిపాయి డాలూ బల్లెం పట్టుకుని రోజంతా దాదాపు అదే స్పీడు. రియలిజం కావాలంటే దీన్ని 1.4కు దించాలి అని చాలామంది మోడర్లు అంటారు, నేను అలా అనుకోను. నేల 1:8 అయినప్పుడు 9 అంటే బయట 72. మీటర్లలో వెతికితే దీనికి సమాధానం దొరకదు. టైమ్‌లో వెతకాలి.

మా మామ ప్రతి శనివారం కొండ నడిచెక్కుతాడు, ఒకసారి అలిపిరి, ఒకసారి శ్రీవారి మెట్టు (శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే చిన్న దారి). ఆయన్ని అడిగా, "మామా, నీకు ఎంతసేపు పడతాది ఎక్కేదానికి?" "అలిపిరి అయితే మూడున్నర గంటలురా అల్లుడా, గాలిగోపురం దాకా ఊపిరి తీస్తాది, ఆడ నుంచి సాఫీగా ఉంటాది, మళ్ళా మోకాళ్ళ పర్వతం కాడ మోకాలు పట్టుకోవాల్సిందే. మెట్టు అయితే గంటన్నర లోపే, గంటా ఇరవై అయిదు అనుకో." మామ ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఆయన కింద దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఒకసారి, పైకి చేరాక ఒకసారి వాచీ చూసుకుంటాడు, ఆ అలవాటు నాకిప్పుడు ఇలా పనికొచ్చింది.

అలిపిరి దారి 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. మెట్టుకు 20 సెంటీమీటర్లు వేసుకుంటే 710 మీటర్లు, కొండ ఎత్తు లెక్కతో చక్కగా సరిపోయింది, డేటా మీద నమ్మకం కలిగింది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. మ్యాప్‌లో అలిపిరి దారి 1,125 మీటర్లు, శ్రీవారి మెట్టు 262. సెకనుకు 9 చొప్పున వదిలేస్తే అలిపిరి 125 సెకన్లు, మెట్టు 29 సెకన్లు.

ఇప్పుడు చదును నేల చూద్దాం. మ్యాప్ ఈ చివర నుంచి ఆ చివరకు 2,048 మీటర్లు, 9 చొప్పున 228 సెకన్లు. బయట అదే 16 కిలోమీటర్ల చిల్లర, మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడిస్తే 11,800 సెకన్ల దాకా. భాగిస్తే 52. అంటే చదును మీద గేమ్‌లో ఒక నిమిషం బయట యాభై నిమిషాలకు సమానం. సరే, ఇదే యాభైని కొండ మీద కూడా పట్టుకుందాం అనుకున్నా. మామ మూడున్నర గంటలు 12,600 సెకన్లు, యాభైతో భాగిస్తే 252. నాకు మ్యాప్‌లో 125 వస్తోంది, అంటే అలిపిరి మెట్ల మీద స్పీడు సరిగ్గా సగం చేస్తే 250. శ్రీవారి మెట్టుకు గంటా ఇరవై అయిదు అంటే 5,100 సెకన్లు, యాభైతో 102. స్పీడు 0.3కు తగ్గిస్తే 97. అయిపోయింది!

రెండు దారులూ చదును నేలా మూడూ ఒకే టైమ్ స్కేల్ మీదకొచ్చాయి. మీటర్లు 8, 4, 2, 1 అని ఎటు సాగినా టైమ్ మాత్రం 50 దగ్గర కదలకుండా ఉంది. ఆడేవాడికి గేమ్‌లో టేపు పట్టుకుని కొలిచే పని ఉండదు, వాడికి తెలిసేదల్లా సాయం పంపితే ఎంతసేపటికి చేరుతుంది, శత్రువు కనపడ్డాక ఎంత వ్యవధి ఉంది, అదే వాడి దూరం. దగ్గరి దారి కష్టం, దూరం దారి సులువు అనేది కూడా ఇక్కడ నిజంగా తెలుస్తుంది. కాబట్టి నా ప్రాజెక్టుకు ఇకనుంచి రూల్ ఇదే: ఏది వంగినా టైమ్ వంగకూడదు.

అమలు ఎలా అంటే మెట్ల దారి పొడవునా కంటికి కనపడని వస్తువులు వరసగా పెట్టి, వాటికి ఆరా (చుట్టూ కొంత దూరం దాకా పనిచేసే ప్రభావం) ఇచ్చి, దగ్గరకొచ్చిన యూనిట్ల నడక స్పీడును గుణిస్తున్నా, అలిపిరి వైపు 0.5, మెట్టు వైపు 0.3. ఆరాలు ఒకదాని మీద ఒకటి పడి స్పీడు రెండుసార్లు తగ్గకుండా చూసుకోవాలి, దూరాలు జాగ్రత్తగా పెట్టాలి.

దారి వెడల్పు మాత్రం స్కేల్‌కు లొంగదు. బయట నాలుగు మీటర్ల మెట్ల దారి 1:8లో అర మీటరు, మనిషే పట్టడు. అలిపిరికి మూడు టైల్స్ ఇచ్చా, సైన్యం వరసగా పోవచ్చు. శ్రీవారి మెట్టుకు సన్నగా ఇచ్చా, మనుషులు పడతారు, ఏనుగులు పట్టవు, గేమ్‌లో ఏనుగులది పెద్ద యూనిట్ల లెక్క, వాటికి చుట్టూ ఎక్కువ ఖాళీ కావాలి. ఇక ఘాట్ రోడ్డు, 36 మలుపులు, నాకు చాలా ఇష్టం గానీ అది 1944లో వచ్చింది, ఈ మ్యాప్‌లో దానికి చోటు లేదు.

మంగళవారం, ఒక సిపాయి ఎంతమంది

సైన్యం లెక్కకు మంచి ఆధారం పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసింది. 1520 రాయచూరు యుద్ధానికి కృష్ణదేవరాయల సైన్యం 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు అని ఉంది. ఆ అంకెలు మరీ పెద్దవని చరిత్రకారులు వాదిస్తారు, నాకు కావాల్సింది మొత్తం కాదు, పాళ్ళు.

గేమ్‌లో ఒక ఆటగాడి జనాభా, అంటే యూనిట్ల పరిమితి, గరిష్ఠంగా 300 అనుకుంటే, అందరికీ ఒకే లెక్క అని 2,500కు ఒక యూనిట్ చేస్తే కాల్బలం 281, గుర్రాలు 13, ఏనుగు సున్నా. విజయనగర సైన్యంలో ఏనుగు లేకపోతే ఇంక ఈ మోడ్ ఎందుకు? కాబట్టి ఒక్కో రకానికి ఒక్కో లెక్క కావాలి, కానీ ఆ లెక్క గాలిలో నుంచి రాకూడదు.

నేల నుంచే తీశా. గేమ్‌లో సిపాయి నిలబడ్డ చోటు దాదాపు రెండు మీటర్ల చదరం. 1:8 కాబట్టి బయట 16 బై 16, అంటే 256 చదరపు మీటర్లు. ఒత్తుగా నిలబడ్డ కాల్బలంలో మనిషికి ఒకటిన్నర చదరపు మీటరు వేస్తే 170 మంది పడతారు. కొంచెం సడలించి 150 పెట్టుకున్నా. 240 కాల్బలం యూనిట్లు అంటే 36,000 మంది. నూనిజ్ పాళ్ళలో దానికి గుర్రాలు 1,670, ఏనుగులు 28. గుర్రం యూనిట్‌కు 50 గుర్రాలు అనుకుంటే 33 యూనిట్లు, ఏనుగు యూనిట్‌కు అయిదో ఆరో అనుకుంటే 5 యూనిట్లు. ఏనుగు జనాభాలో మూడు చోట్లు తీసుకునేట్టు పెడితే మొత్తం 288, మూడు వందల్లో పట్టింది. అయిదు ఏనుగులు కోట గేటు ముందుకొస్తే కింద ఉన్నవాడికి భయం వేస్తుంది, అదే కావాలి.

ఏనుగు స్పీడు కూడా సర్దా. ఆసియా ఏనుగు ఎంత ఉరికినా గంటకు 25 కిలోమీటర్లు అని కొలిచారు, మామూలు నడకలో మనిషి కంటే కొంచెం ముందుంటుంది అంతే. అందుకని కాల్బలంతో సమానంగా పెట్టి, దాడికి ఉరికేటప్పుడు మాత్రం పెంచా. బాణం దూరాన్ని ముట్టుకోలేదు. గేమ్‌లో విలుకాడి దూరం 60 మీటర్లు, మనిషి స్కేల్‌లో తక్కువ, నేల స్కేల్‌లో 480, మరీ ఎక్కువ. కట్టడం స్కేల్ 1:2లో చూస్తే 120, కోట గోడ మీద నుంచి కొట్టే బాణానికి అది నమ్మదగ్గ దూరం, బాణం గోడకు సంబంధించిన విషయమే కాబట్టి గోడ స్కేల్‌తోనే దాన్ని కొలవాలని నా అభిప్రాయం.

గురువారం, టెస్ట్

ఫ్రెండ్ కోటలో, నేను తిరుపతి వైపు. వాడికి స్కేల్ లెక్కలేవీ చెప్పలేదు. నేను శ్రీనివాసమంగాపురం పట్టుకుని శ్రీవారి మెట్టు నుంచి చిన్న దళాన్ని పైకి పంపా, పెద్ద సైన్యం అలిపిరి నుంచి. వాడు చూసుకుని "మెట్టు దారిలో పోయినోళ్ళు ముందు చేరతారు, ఆపాలంటే ఇప్పుడే కదలాల" అని తన దళాన్ని పరిగెత్తించాడు. మెట్టు దగ్గరి దారి అని వాడికి మ్యాప్ చెప్పలేదు, ఈ ఊరోడు కాబట్టి తెలుసు, మ్యాప్ వాడికి తెలిసినట్టే నడుచుకుంది. నాకు అదే పెద్ద సర్టిఫికెట్.

మిగిలిన పనులు: చంద్రగిరి బండను చేత్తో చెక్కడం, పై కోటకు పోయే దారికి కూడా యాభై లెక్కతో ఆరా పెట్టడం, దానికి ఒకసారి వాచీ పెట్టుకుని కిందనుంచి పైకి ఎక్కి రావాలి. గుర్రాలకు మెట్ల మీద 0.5 ఎక్కువ అనిపిస్తోంది, 0.35 పెట్టి చూస్తా. కపిలతీర్థం దగ్గర కొండ అంచు స్మూత్ బ్రష్‌కు కొంచెం కరిగింది, అక్కడ సిపాయి ఇంకా పైకి దారి కనుక్కుంటున్నాడు, ఆ రెండు టైల్స్ పైకి లాగితే ఆ చరియ కూడా పాస్.